నా గదిలో నాలుగు మంచాలు

మా చిన్నప్పుడు... అమీర్‌పేటలో మా సందులో ప్రతి ఇల్లూ సగం హాస్టలే. కంప్యూటర్ కోర్సులకు ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకు గది అద్దెకివ్వని ఇల్లు లేదు.

నేను పదో తరగతికి వచ్చిన ఏడు మా బాపు నా గదిలోనే అద్దెవాళ్ళకు నాలుగు మంచాలు వేయించాడు. "జర అడ్జస్ట్ చేస్కో బిడ్డా... రెండు నెలలే గదా" అన్నాడు. నా పుస్తకాలు వంటింట్లో గంజులూ గిన్నెల పక్కకు చేరాయి. తమ్ముడి గదిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. వాడు మగపిల్లాడట, చదువుకోవాలట! ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ నలుగురిలో ఒకాయన స్పోకెన్ ఇంగ్లిష్ మాస్టారు, గుంటూరు వైపు మనిషి. ఆదివారాలు మా వరండాలో నల్లబల్ల ఆనించి, సందులో పిల్లలకు వారానికో ఇంగ్లిష్ క్రియ నేర్పేవారు. ఒక వారం బల్ల మీద ఏం రాశారనుకున్నారు? అడ్జస్ట్!

లాటిన్‌లో 'దగ్గర' అనే మాట నుంచి, ఫ్రెంచి మీదుగా వచ్చిందట. కళ్ళజోడు సరిచేసుకోవడం, వాచీలో టైము దిద్దుకోవడం, కొత్త ఊరికి అలవాటుపడటం... అన్నిటికీ అదేనట. బస్సులో ముగ్గురి సీట్లో నాలుగోవాడు ఇరుక్కోవడానికీ అదేనంటే అందరూ నవ్వారు.

"ఏంటమ్మా, నువ్వు నవ్వట్లేదు? ఏదీ, ఒక వాక్యం చెప్పు" అన్నారు.

"మా ఇంట్ల నేనొక్కదాన్నే అడ్జస్ట్ అయిత సార్" అన్నాను.

గుమ్మంలో ఉన్న బాపు విని లోపలికి వెళ్ళిపోయాడు. మాస్టారు బల్ల తుడిచేశారు.

రెండు నెలలన్న మంచాలు నా పెళ్ళి దాకా కదల్లేదు. నేను పదిలో లెక్కలు తప్పాను. ఆడపిల్లకు చదువు అబ్బలేదన్నారు... వంటింటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

మొన్న బాపు కంటి ఆపరేషన్‌కని పంజాగుట్టలో మా ఇంటికి వచ్చాడు. మా అమ్మాయి గది చూసి, "ఈడ గాలి మంచిగొస్తది... పిల్లను జర అడ్జస్ట్ చేస్కొమ్మను" అన్నాడు.

"దానికి పదో తరగతి బాపూ. హాల్ల నువ్వే జర అడ్జస్ట్ చేస్కో" అన్నాను.

ఆయన దివాన్ మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పాపమనిపించింది, అబద్ధం చెప్పను... అయినా గది ఇవ్వలేదు.

అమీర్‌పేటలో ఆ సందులో ఇప్పుడు ఇళ్ళే లేవు, అన్నీ హాస్టళ్ళే. నా కిటికీ ఉన్నచోట ఏదో బోర్డు వేలాడుతోంది.

మీ ఇంట్లో ఆ 'అడ్జస్ట్' మాట ఎవరికి చెప్పేవారు? మీకు కాకపోతే... మీ అక్కనో చెల్లెనో అడిగి రాయండి.