కాలువలో కాలు పెట్టిన కమాను

మా అక్క పోయాక కాలేజీవాళ్లు సంతాప సభ పెట్టారు. మాట్లాడినవాళ్లంతా ఆమెను శాంతమూర్తి అన్నారు. ముందు వరసలో కూర్చున్న నాకు, వేరే ఎవరి సభకో వచ్చానేమోనని అనుమానమొచ్చింది. బతికున్నన్నాళ్లూ అక్క నోటికి జడిసి అటెండరు కూడా చుట్టుతిరిగి వెళ్లేవాడు.

అక్క ఇంజనీరింగ్ కాలేజీలో సర్వే పాఠం చెప్పేది. అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం. ఇంట్లో మంచం కూడా మట్టంగా ఉంటే గానీ పడుకునేది కాదు. దాని కాళ్ల కింద అట్టముక్కలు పెట్టలేక బావ విసిగిపోయేవాడు. ఇప్పటికీ వాటిని తీయలేదు.

ఆ కాలేజీలో ఏటా సేవావారం జరిగేది. పొద్దున్నే ఊడ్చేవాళ్లు వచ్చి వీధి శుభ్రం చేసేవారు. తర్వాత వాళ్లే ఎండుటాకులు తెచ్చి మళ్లీ పరిచేవారు. అప్పుడు పిల్లలు టోపీలు పెట్టుకుని చీపుళ్లు పట్టుకునేవారు, ఫొటోగ్రాఫరు వచ్చేవాడు. దాంతో సమాజానికి సేవ పూర్తయ్యేది.

ఒక ఏడాది అక్కకు ఒళ్లు మండింది. చీపుళ్లు పడేయించి, తన క్లాసు పిల్లల చేత మట్టం చూసే యంత్రం మోయించుకుని కాలేజీ వెనక వీధికి పోయింది. అక్కడ వాన పడితే చాలు, బట్టలు కుట్టే ఒకావిడ ఇంట్లోకి మురుగునీళ్లు వచ్చేవి. ఆవిడ కుట్టుమిషను బల్ల మీదికెక్కించి, తను మంచమెక్కి కూర్చునేది. కాలువ బాగానే ఉందని, ఆవిడ ఇల్లే పల్లంలో ఉందని మునిసిపాలిటీవాళ్లు తేల్చేశారు. నీళ్లు ఎందుకొస్తున్నాయో కనుక్కోండి, అదే మీ పరీక్ష అంది అక్క.

పిల్లలు కాలువ వెంట కొలుచుకుంటూ, చుట్టూ తిరిగి, కాలేజీ ముందు గేటు దగ్గరే తేలారు. యంత్రం చెడిందనుకుని ఇంకోటి తెచ్చారు. అదీ అదే చెప్పింది. గేటు మీద కొత్తగా కట్టిన పెద్ద కమాను కాలు ఒకటి సరిగ్గా కాలువలో దిగి ఉంది. నీళ్లు దానికి కొట్టుకుని వెనక్కి పోతున్నాయి. కమాను నుదుటి మీద బంగారు రంగు అక్షరాల్లో ‘విద్య సమాజం కోసం’ అని ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ కమాను అంతకుముందు చదివిన పిల్లల ప్రాజెక్టు. వాళ్లు కాగితం మీద గీశారు, కాగితం మీద కాలువ లేదు. పరీక్ష లెక్కల్లో నేల ఎప్పుడూ చదునుగా, ఖాళీగానే ఉంటుంది కదా. ముచ్చటపడి కాలేజీ దాన్నే కట్టించింది. చోటు చూడకుండా ఆ బొమ్మకు అందరికన్నా ఎక్కువ మార్కులు వేసింది మా అక్కే.

సంగతి తెలిసి ప్రిన్సిపాల్ పిలిపించాడు. ఆయన త్వరలో రిటైరవుతున్నాడు. తర్వాత ఆ కుర్చీ అక్కదేనని అందరూ అనుకుంటున్నారు.

“ఇప్పుడు కాలేజీ పరువు తీయకండి మేడమ్. వచ్చే ఏడాది ఆ కుర్చీలో మీరే కూర్చుని తవ్వించుకోండి, ఎవడొద్దంటాడు?” అన్నాడట.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికొచ్చి కూలబడింది.

“నీకా కుర్చీ కావాలా?” అన్నాను.

“ఎందుకొద్దే? వెనక్కి వాలుతుంది, చక్రాలున్నాయి. ఆ కాలేజీలో వంకర లేని సామాను అదొక్కటే.”

“అయితే వచ్చే ఏడాది దాకా ఆగు.”

“ఆగుదామనే ఉంది. ఈ వానలకి ఆవిడ మళ్లీ మంచమెక్కాలి కదే.”

కాలేజీ వార్షికోత్సవం నాడు పెద్దలందరి ముందూ పిల్లలు తమ పటం వేలాడదీశారు. ఒకమ్మాయి కర్రతో కాలువ చూపిస్తూ చూపిస్తూ, కమాను దగ్గరికొచ్చేసరికి కర్ర దించి అక్క వైపు చూసింది. అక్క లేచి వెళ్లి కర్ర అందుకుంది.

“ఇక్కడ కాలు పెట్టమన్న డిజైనుకి మార్కులేసింది నేను. కాలువ చూడలేదు. ఈ కాలు తీసేయాలి” అని చెప్పి, వచ్చి కూర్చుంది. మునిసిపల్ కమిషనరు ముందు వరసలోనే ఉన్నాడు కాబట్టి, వినపడలేదని అనడానికి ఎవరికీ వీల్లేకపోయింది.

వానలకు ముందే కమాను పడగొట్టి కాలువ తెరిచారు. ఆ ఏడు కుట్టుమిషను నేల మీదే నడిచింది. పటంలో ఉత్తర దిక్కు గుర్తు వేయలేదని అక్క పిల్లలకు మార్కులు కోసింది. కుర్చీ ఫిజిక్స్ చెప్పే ఆయనకు పోయింది.

ఆ కబురు విని నేను పరుగెత్తుకుంటూ వెళ్లాను. అక్క వంటింటి గోడకానుకుని ఏడుస్తోంది. ఏం చేయాలో తోచక బావ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. నేను వీపు నిమురుతూ, సమాజానికి ఎంత మేలు చేశావో చూసుకో అని మొదలుపెట్టాను.

“నోర్ముయ్యవే” అంది ముక్కు చీదుకుంటూ. “నేనేడుస్తోంది కుర్చీ కోసం.”