వీలుకాదత్త వీలునామా

చొక్కా కుట్టాలన్నా వీలు కాదు, ప్యాంటు పొట్టి చేయాలన్నా వీలు కాదు, చివరికి ఊడిన గుండీ వేయాలన్నా వీలు కాదు. ఎవరేం అడిగినా ఆవిడ నోట మొదట వచ్చే మాట అదే. ఆ మాట అంటూనే చేయి చాపి గుడ్డ అందుకునేది, మెడలో వేలాడే టేపుతో కొలత తీసేది, చెప్పిన రోజుకంటే ముందే కుట్టి పెట్టేది. కొత్తవాళ్ళు ఆ మాట విని వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవారు. పాతవాళ్ళు చేయి చాపేదాకా నిలబడేవారు. వీధి వీధంతా ఆవిడకు వీలుకాదత్త అని పేరు పెట్టింది. ఆ పేరుతో మొహం మీదే పిలిచినవాళ్ళ చొక్కాలకు మెడ కాస్త బిగించి కుడుతుందని ఒక పుకారు. పుకారు కాదని మెడ బిగిసినవాళ్ళు చెబుతారు.

బస్టాపుకు ఎదురుగా ఒక షట్టరు కొట్టు, పైన ఒక గది. ఆవిడకున్నది అంతే. పక్క వీధిలో ఉన్న చిన్న ఇల్లు ఎప్పుడో కూతురి పేరున రాసిచ్చేసింది. కొట్టులో రెండు మిషన్లు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి ఆవిడది, రెండోది కోడలిది. కొడుకు పోయాక కోడలు పుట్టింటికి వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు. ఆ పిల్ల వెళ్ళలేదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి ఖాళీగా ఉన్న రెండో మిషను దుమ్ము దులిపి కూర్చుంది.

కూర్చున్న నాటి నుంచి ఇద్దరికీ ఒక్కటే తగువు. వీలుకాదత్త ఏది కుట్టినా లోపల రెండు వేళ్ళ గుడ్డ వదులుతుంది. పెద్దవాళ్ళు లావవుతారు, పిల్లలు పొడుగవుతారు, రేపు కుట్టు విప్పి వదులు చేయడానికి ఉండాలి కదా అని ఆవిడ లెక్క.

"అంత గుడ్డ లోపల కుక్కితే పక్కలు ఎత్తుగా ఉబ్బుతాయి అత్తయ్యా. వేసుకున్నవాళ్ళు గోనెసంచిలో దూరినట్టుంటారు" అనేది కోడలు.

"నిన్నగాక మొన్న సూది పట్టావు, నాకు చెప్తున్నావా?"

"సూదిలో దారం ఎక్కించమని పిలిచేటప్పుడు మాత్రం నేనే కావాలి!"

ఇలా పొద్దున షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా సాగేది. బస్టాపులో నిలబడ్డవాళ్ళు బస్సు ఆలస్యమైనా విసుక్కునేవారు కాదు. చూసేవాళ్ళకు అది అత్తాకోడళ్ళ కయ్యం. వాళ్ళిద్దరికీ అది ఊపిరి తీసుకోవడం లాంటిది.

అలాంటి రోజుల్లో ఒకనాడు వీలుకాదత్తకు మిషను మీదే కళ్ళు తిరిగాయి. డాక్టరు చూసి, పెద్ద భయమేమీ లేదు, వేళకు తినండి చాలు అన్నాడు. ఆ మాట చెవిన పడకముందే ఇద్దరు అల్లుళ్ళు వాలిపోయారు. ఒకడు కూతురి మొగుడు. సెల్‌ఫోన్లు అమ్ముతాడు కాబట్టి వీధిలో అతను ఫోనల్లుడు. రెండోవాడు ఆవిడ అన్నగారి కొడుకు, మేనల్లుడు. కళ్ళజోళ్ళు అమ్ముతాడు కాబట్టి అద్దాలల్లుడు. ఇద్దరివీ సందు లోపలెక్కడో చీకటి కొట్లు. ఇద్దరి కళ్ళూ బస్టాపు ఎదురుగా ఉన్న ఈ షట్టరు మీదే ఉన్నాయి.

"అత్తయ్యా, ఊరికే అంటున్నా అనుకోవద్దు. వీలునామా ఒకటి రాసి పెట్టుకుంటే మంచిది కదా" అన్నాడు ఫోనల్లుడు.

"వీలు కాదు" అంది ఆవిడ అలవాటు కొద్దీ. వెంటనే ఆవిడకు ఒక చిలిపి ఆలోచన తట్టింది. గొంతు తగ్గించి, "రాసినా రాయకపోయినా, నా తర్వాత ఈ కొట్టు అల్లుడిది కాక ఇంకెవరిది నాయనా?" అంది.

మర్నాడు అద్దాలల్లుడు వచ్చి అదే రాగం తీశాడు. ఆవిడ అదే గొంతుతో అదే మాట అంది. ఒక్క అక్షరం మార్చలేదు. మార్చాల్సిన అవసరం లేదు మరి. కూతురి మొగుడూ అల్లుడే, అన్న కొడుకూ అల్లుడే. ఇద్దరికీ ఆవిడ అత్తే.

ఇంకేముంది, కొట్టుకు మహర్దశ పట్టింది. ఏళ్ళ తరబడి కీచుమంటున్న షట్టరుకు ఫోనల్లుడు నూనె వేయించాడు. అద్దాలల్లుడు గోడలకు రంగు వేయించి, ఆవిడ కళ్ళకు కొత్త అద్దాలు కూడా తెచ్చాడు. ఒకడు ఫ్యాను తెస్తే రెండోవాడు ట్యూబులైటు తెచ్చాడు. రేపు తన కొట్టే కదా అని ఎవడి ధీమా వాడిది. వీలుకాదత్త కొత్త ఫ్యాను కింద కూర్చుని, కొత్త అద్దాల్లోంచి చూస్తూ, లోలోపల పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంది. తాను అబద్ధం ఆడలేదు. అల్లుడిది కాక ఎవరిది అని అడిగింది, అంతే.

అయితే ఒక సంగతి ఆవిడ గమనించలేదు. కొలతలు చూసుకోవడానికి కొట్టు మూలలో ఒక తెర ఉంది. అల్లుళ్ళతో ఆ మాటన్న రెండుసార్లూ కోడలు తెర వెనక గుండీలు కుడుతూనే ఉంది.

కొన్నాళ్ళకు కొట్టు నిశ్శబ్దంగా మారింది. ఒక సాయంత్రం కోడలు కుట్టిన చొక్కా తిరగేసి చూస్తే, లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలి ఉంది. వీలుకాదత్త ఉలిక్కిపడింది. "ఏంటే, ఇలా కుట్టావు?" అంది. "మీరు చెప్పినట్టే కుట్టాను అత్తయ్యా" అంది కోడలు తల దించుకుని. ఎదురు చెప్పని కోడలిని ఆవిడ ఎన్నడూ చూడలేదు.

ఆ వారంలోనే యూనిఫాం కోసం వచ్చిన ఒకావిడ, "మీ కోడలు మా రెడీమేడ్ కంపెనీలో పని దొరుకుతుందా అని అడిగిందే! కొట్టు అల్లుడికి ఇచ్చేస్తున్నారట కదా?" అంది. వీలుకాదత్త కొలుస్తున్న గుడ్డను సగంలో వదిలేసింది. అల్లుళ్ళకు వేసిన గాలం ఎవరి గొంతులో దిగిందో అప్పుడు తెలిసింది. పుట్టింటిని కూడా కాదని ఆ పిల్ల తనదనుకున్న నీడ ఈ కొట్టొక్కటే. ఆ పిల్ల లేకపోతే తనకూ ఇది కొట్టు కాదు, ఉత్త షట్టరు.

ఆవిడ కత్తెర పక్కన పెట్టి, వకీలు దగ్గరికి బయల్దేరింది. వకీలు వేసుకున్న నల్లకోటు ఆవిడ కుట్టిందే. రెండుసార్లు వదులు చేసింది కూడా.

"కొట్టూ పైగదీ నా కోడలికి రాయండి" అంది.

"కోడలు అని రాస్తే సరిపోదమ్మా. రేపు ఏ మేనకోడలో వచ్చి నేనే ఆ కోడల్ని అంటే? కోడలు, అల్లుడు అని ఊరికే రాస్తే మాకు ఏళ్ళ తరబడి చేతినిండా పనే" అన్నాడు వకీలు.

వీలుకాదత్త పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంది. ఇన్నేళ్ళలో ఏమేవ్, అమ్మాయ్ అని తప్ప పిలవని కోడలి పేరును ఇంటిపేరుతో సహా గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి ఎవరికి వస్తుందో వాళ్ళు మాత్రం సాక్షి సంతకం పెట్టకూడదు. పెడితే వాళ్ళకు రాసింది చెల్లదు" అన్నాడు వకీలు.

ఆవిడ కళ్ళు మెరిశాయి. "అయితే నాకు సరిగ్గా ఇద్దరున్నారు. మా అల్లుడూ, మా అల్లుడూ."

వీలునామా సంతకానికి రమ్మని కబురు వెళ్ళగానే ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని వచ్చారు. వకీలు గుమ్మంలో ఒకరినొకరు చూసుకుని జాలిగా నవ్వుకున్నారు. పాపం, వీడిని సాక్షిగా పిలిచినట్టున్నారు అని ఇద్దరూ అనుకున్నారు. ఆవిడ సంతకం అయ్యాక వకీలు సాక్షుల నిబంధన చదివి వినిపించి పెన్ను బల్ల మీద పెట్టాడు.

"పెట్టు తమ్ముడూ" అన్నాడు ఫోనల్లుడు.

"మీరు పెద్దవారు. మీరుండగా నేనా? మీరే పెట్టండి" అన్నాడు అద్దాలల్లుడు.

"నా చేతిరాత బాగుండదు."

"నేను కళ్ళజోడు మర్చిపోయి వచ్చాను."

కళ్ళజోళ్ళు అమ్మేవాడు, ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని మరీ అన్నాడా మాట. పెన్ను బల్లకు ఆ చివరికీ ఈ చివరికీ దొర్లింది. వీలుకాదత్త కాసేపు కులాసాగా చూసి, "ఇద్దరూ పెట్టాలి నాయనా" అంది.

ఆ మాట ఇద్దరి బుర్రల్లోకీ ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. ఫోనల్లుడు ముందు తేరుకున్నాడు. "అత్తయ్యా! కొట్టు అల్లుడిదే అన్నారు కదా!"

అద్దాలల్లుడు తిరిగి చూశాడు. "మీతో కూడా అన్నదా?"

"అల్లుడిది కాక ఎవరిది అని అడిగాను. మీరిద్దరూ జవాబు చెప్పలేదు. ఇప్పుడు నేనే చెప్తున్నా, కోడలిది" అంది ఆవిడ.

సంతకం పెట్టకపోతే, ఇన్నాళ్ళూ కొట్టు కోసమే తిరిగామని వకీలు ముందు ఒప్పుకున్నట్టు. అందుకని పెట్టారు. ముందుగా నవ్వింది అద్దాలల్లుడు. "ఆ ఫ్యాను మంచిదేనా అన్నయ్యా?" అని అడిగాడు. "నీ రంగు కంటే నయమే" అన్నాడు ఫోనల్లుడు. ఇద్దరూ కలిసి టీ తాగడానికి వెళ్ళారు.

వీలుకాదత్త కొట్టుకు తిరిగి వచ్చేసరికి కోడలు మిషను మీద వంగి ఉంది. ఆవిడ ఎదురుగా కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. కోడలి కాలు మిషను మీద ఆగిపోయింది. కళ్ళు నిండాయి, ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది.

"ఇన్ని రోజులు నన్నెందుకు ఏడిపించారు? అల్లుడికే అల్లుడికే అంటుంటే నా ప్రాణం ఎలా ఉండిందో మీకు తెలుసా?"

"వాళ్ళని ఆడిస్తున్నా అనుకున్నాను. నువ్వు తెర వెనక ఉన్నావని చూసుకోలేదు. తప్పు నాదే తల్లీ" అంది అత్త.

కోడలు ముక్కు తుడుచుకుంది. "వీలునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చటగా. రేపు మళ్ళీ మార్చరని ఏంటి నమ్మకం?"

"మార్చుకోవచ్చు. అందులోనూ కాస్త లోపల గుడ్డ వదిలాను."

కోడలు అత్త వైపు గుర్రుగా చూసింది. మిషను పక్కన మడిచి పెట్టిన చొక్కా లాగి, తిరగేసి, వదిలిన రెండు వేళ్ళ గుడ్డను కత్తెరతో కరకరా కత్తిరించేసింది. "ఇదిగో, ఇలా ఉబ్బుతుందనే నేను మొత్తుకునేది!"

"పాడు చేశావే! రేపు అతను లావైతే ఏం చేస్తావు?"

"కొత్త చొక్కా కుట్టించుకుంటాడు. మనకే మంచిది!"

బస్టాపులో తలలు ఇటు తిరిగాయి. అప్పుడే ఒకావిడ చంటిపిల్ల గౌను గుడ్డ పట్టుకుని మెట్లెక్కింది. "ఎల్లుండికి కుట్టి ఇస్తారా?" అంది. వీలుకాదత్త నోరు తెరిచింది. కానీ మాట ఎదురు మిషను దగ్గర్నుంచి వచ్చింది.

"వీలు కాదు" అంది కోడలు తల ఎత్తకుండానే, గుడ్డ కోసం చేయి చాపుతూ.