అత్తగారి మణికట్టు

బట్టలు కుట్టే అత్తగారు తన మిషను మీద కోడలి చెయ్యి పడనిచ్చేది కాదు. ఒకరోజు గుడ్డల మూట తట్టుకుని పడి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు వేశాక పక్కన కూర్చుని, నోటితోనే కోడలికి చొక్కాలు కుట్టడం నేర్పింది. కుడుతూ చెప్పుకునే కబుర్లకి ఇద్దరూ అలవాటు పడిపోయారు.

కట్టు విప్పాక, ఎక్స్‌రేలో విరిగినచోట బుడిపె చూసి ఆవిడ కంగారుపడింది.

"అది కొత్త ఎముకేనమ్మా. ముందు లావుగా పెరిగి అతుక్కుంటుంది. పని చేసేకొద్దీ సర్దుకుంటుంది," అన్నాడు డాక్టరు.

ఇంటికి రాగానే కోడలు మిషను దగ్గర్నుంచి లేచింది. "ఇక మీరు కూర్చోండి అత్తయ్యా."

"నువ్వే కుట్టవే. నా చేతికి మెల్లగా పని చెప్పాలట, బొత్తాలు నేను చూసుకుంటాను," అంటూ ఆవిడ పక్కనే పీట లాక్కుంది. "కాలరు మాత్రం నేను చెప్పినట్టే కుట్టాలి."

"మీరు చెప్పకుండా ఉంటే కదా," అంది కోడలు నవ్వుతూ.