భుజం మీది తువ్వాలు

దెయ్యాల మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అవి పనివాళ్లు వసారాలో చెప్పుకునే కబుర్లని మా తాతగారి అభిప్రాయం. నాదీ అదే. తునిలో దస్తావేజులు రాస్తూ బతుకుతున్నాను. కళ్లతో చూసింది, కాగితం మీద ఉన్నది తప్ప మూడోది నమ్మే అలవాటు నాకు లేదు. ఇది కూడా దస్తావేజులాగే, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తునికి పడమట కొండల మధ్య ఒక పెద్ద చెరువుంది. చుట్టూ అడవి. ఒకప్పుడు ఆ కొండలూ, చెరువూ, చెరువులో చేపా మావే. ఇప్పుడు ఒడ్డున తొమ్మిదెకరాల జీడిమామిడి తోట, అందులో రెండు గదుల రేకుల ఇల్లు మిగిలాయి. కూల్చేసిన పాత బంగళా నుంచి ఇనుప గేటు తెచ్చి ఆ ఇంటికి పెట్టించాను. గేటు ఇంటికంటే ఎత్తు. చూసి నవ్వుకునేవాళ్లున్నారని తెలుసు. తీయించలేదు.

అక్కడ వేసవి అంటే మంటలే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద ఎండుటాకులు తగలబెడతారు. ఎవరో బీడీ పారేస్తారు. గాలి తిరిగిందంటే కొండంతా అంటుకుంటుంది. చెరువు నీళ్లు తగ్గి వెనక్కి పోయిన చోట మనిషెత్తు రెల్లుగడ్డి ఎండి నిలబడి ఉంటుంది. నిప్పు ఆ రెల్లు వెంట తోటల్లోకి వస్తుంది. అందుకని అది దూరంగా ఉండగానే తోట అంచున మేమే రెల్లుకి నిప్పు పెట్టి చెరువు వైపు కాలనిస్తాం. వచ్చే మంటకి కాల్చడానికేమీ మిగలదు. దాన్ని ఎదురుమంట అంటారు. పెట్టే ముందు రెల్లులోకి మూడుసార్లు కేకేయడం అక్కడి పద్ధతి. లోపల గడ్డి కోసేవాళ్లో, పశువుల వెనక వెళ్లినవాళ్లో ఉండవచ్చు.

మంటని అందరికంటే ముందు చూసేది చెరువు మీద ఉన్నవాళ్లు. నూకరాజు అలా చూసేవాడు. అరవై దాటిన మనిషి. మూడు తరాలుగా మా చెరువులో వల వేస్తున్న కుటుంబం. పొగ కనిపిస్తే పడవలో ఉన్న నూనె డబ్బాని తెడ్డుతో కొట్టేవాడు. ఆ మోత చెరువు చుట్టూ వినిపించేది. తోటలవాళ్లు పచ్చికొమ్మలు విరుచుకుని పరిగెత్తుకొచ్చేవారు.

అతనికి ఇంకో అలవాటు ఉండేది. నా గేటు ఇరవై గజాలుందనగా భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టుకునేవాడు. వాళ్ల నాన్న మా తాతగారి ముందు అలాగే చేసేవాడట. నేను అడగలేదు, వద్దనీ అనలేదు. ఏటా జీడిపిక్కలు ఏరడం మొదలుపెట్టే ముందు ఆ ఇంటికి ఒక తువ్వాలు ఇవ్వడం మా ఆచారం. అన్నీ పోయినా అదొక్కటి మానలేదు. పోయిన ఏడు ఇచ్చింది ఎర్రంచు తువ్వాలు.

అంతకుముందు వేసవిలో డబ్బా మోత విని యాభై మంది నా గేటు తోసుకుని లోపలికొచ్చారు. మంట ఆర్పారు, నిజమే. కాని వాళ్లలో ఒకడు నా చేతిలో కొమ్మ పెట్టి, "మీరూ కొట్టండి రైటరుగారూ, నిలబడి చూస్తే ఆరదండి" అన్నాడు. అందరూ నవ్వారు. మర్నాడు నూకరాజుని పిలిపించాను.

"ఇక మా ఒడ్డు వైపు మంట లేస్తే డబ్బా కొట్టొద్దు. గేటు దగ్గరికొచ్చి నాకు చెప్పు."

"పడవ ఒడ్డుకి తెచ్చి, పైకెక్కి వచ్చేసరికి ఆలస్యమైపోద్దండి బాబుగారు. నిప్పు నాలాగ ముసలిది కాదండి."

"చెప్పింది చెయ్యి."

"అలాగేనండి."

పోయిన ఏడు ఏప్రిల్లో ఒక ఆదివారం, మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. తోటలో నేనూ, కాపలా ఉండే దేవదానమూ తప్ప ఎవరూ లేరు. అతని భార్య, మిగతా కూలీలు చర్చికి వెళ్లారు. మోటారు బాగుచెయ్యాలని అతన్ని నేనే ఆపాను. అతను ఇంటి వెనక ఉన్నాడు. నేను వరండాలో కాగితాలు చూసుకుంటున్నాను.

తలెత్తేసరికి గేటు అవతల నూకరాజు నిలబడి ఉన్నాడు. రావడం చూడలేదు. ముందుగా నా కళ్లు పడింది తువ్వాలు మీద. ఎర్రంచు తువ్వాలు భుజం మీద అలాగే ఉంది. చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి.

"కింద ఒడ్డున మంటండి," అన్నాడు.

బాబుగారు అనలేదు. తువ్వాలు తీస్తాడేమోనని ఆగాను. తీయలేదు.

"ఎదురుమంట పెట్టకండి. రెల్లులో మనిషున్నాడు."

"ఎవరు?"

ఆ రెల్లు పక్కనే అతను వలలు ఆరబెట్టుకుంటాడు. వలలు కాపాడుకోవడానికి లేని మనిషిని కల్పిస్తున్నాడనుకున్నాను. నిజం రాస్తానన్నాను కనక ఇదీ రాయాలి. అంతకంటే ముందు అనుకున్నది వేరే. మేమిచ్చిన తువ్వాలు భుజాన వేసుకుని, మా గేటు ముందు నిలబడి, ఏం చెయ్యకూడదో నాకు చెబుతున్నాడు.

"నాకు చెప్పేంతవాడివయ్యావురా? తువ్వాలు దించాక మాట్లాడు," అన్నాను.

అతను నన్ను చూశాడు. ముఖంలో కోపం లేదు, బతిమాలడమూ లేదు. దేవదానాన్ని కేకేయడానికి తల తిప్పాను. మళ్లీ చూసేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. అక్కడ నుంచి రోడ్డు దాకా చెట్టూ చేమా లేని తిన్నని బాట. అంతలో దాటగలిగిన దూరం కాదు. అప్పుడది ఆలోచించలేదు.

దేవదానం వచ్చి చుట్టూ చూశాడు. "మంటెక్కడండి? పొగ కూడా లేదు కదండి."

నిజమే. ఇంటి దగ్గరికి పొగ కనపడదు, మధ్యలో కొండ అడ్డం. తోట కింది అంచుకి వెళ్లాక కనిపించింది. రెండు ఫర్లాంగుల అవతల నుంచి రెల్లు మీదుగా మా వైపే వస్తోంది.

దేవదానం కర్రకి గుడ్డ చుట్టి, కిరసనాయిలు పోసి, అంటించాడు. "కేకేద్దామాండి?"

"ఎవరూ లేరు. పెట్టు."

అతను కదల్లేదు. కర్ర లాక్కుని నేనే పెట్టాను.

రెల్లు భగ్గున లేచింది. పది నిమిషాల్లో చెరువు దాకా కాలిపోయింది. అవతల నుంచి వచ్చిన మంట ఆ నల్లటి నేల దగ్గర ఆగిపోయింది. తోటలో ఒక్క ఆకు కమలలేదు. మధ్యలో ఎవరో అరిచినట్టుందని దేవదానం అన్నాడు. నెమలి అన్నాను.

సాయంత్రం నూకరాజు కూతురు నాగమణి తండ్రిని వెతుక్కుంటూ వచ్చింది. పడవ ఒడ్డున ఉంది. డబ్బా, తెడ్డు అందులోనే ఉన్నాయి. అక్కడ నుంచి నా గేటుకొచ్చే దారిలో, నలభై అడుగులైనా దాటకుండా, బూడిదలో రాళ్ల మధ్య అతను దొరికాడు. కుడికాలు మోకాలి కింద విరిగి ఉంది. రాళ్ల మీద జారిపడ్డాడు. కాలు విరిగింది మంట తగలకముందేనని, ఆ కాలితో అడుగు వేయడం జరగని పని అని తర్వాత డాక్టరుగారు చెప్పారు.

విరిగినచోట బిగించి కట్టుకున్న గుడ్డలో ఒంటి కింద పడ్డ కొస కాలకుండా మిగిలింది. ఎర్రంచు.

ఆ తువ్వాలు కాలికి ఉంటే, భుజం మీద నేను చూసిందేమిటి? అతనికి ఆ అంచుది రెండోది లేదని నాగమణే చెప్పింది.

దేవదానాన్ని విడిగా అడిగాను. "మీరెవరినో కోప్పడ్డం విన్నానండి. రెండో గొంతు వినలేదండి. ఒక్కరే ఉన్నప్పుడు కూడా మీరలా మాట్లాడతారు కదాని రాలేదండి," అన్నాడు. నిప్పు ఎవరు పెట్టారో, కేక ఎందుకు వేయలేదో అతను ఎవరికీ చెప్పలేదు. ఆ నెలాఖరుకి పని మానేసి రాజమండ్రి వెళ్లిపోయాడు. విచారణకి వచ్చినవాళ్లు ప్రమాదమని రాసుకుని వెళ్లారు. రాసినదాని కింద నేను సంతకం పెట్టాను.

పదో రోజు దాటాక నాగమణి వచ్చింది. తండ్రి నిలబడే చోటే, గేటు అవతలే నిలబడింది.

"మా నాన్న మీకు చెబుదామనే ఒడ్డుకొచ్చాడండి. లేపోతే పడవలోంచే డబ్బా కొట్టేవాడు. మీకు చెప్పగలిగాడాండి?"

చెప్పాడంటే, విన్నాక నేనేం చేశానో కూడా చెప్పాలి.

"లేదు," అన్నాను.

"అయితే తెలియక పెట్టారండి. మా వాళ్లు ఏదేదో అంటున్నారు, వాళ్లకి చెబుతాను," అంది.

ఈ ఏడూ తోట కాసింది. ఆచారం ప్రకారం తువ్వాలు కొన్నాను. నాగమణి వచ్చి తీసుకుంది. అక్కడే మడత విప్పి, భుజం మీద వేసుకుని, వెనక్కి తిరిగి నడిచింది.

కాలు విరిగి రెల్లులో పడి ఉన్న మనిషి నా గేటు దాకా ఎలా వచ్చాడో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. వచ్చాడని ఆమెకు ఈనాటికీ చెప్పలేదు.