ఎలుకలు ముట్టని ముద్ద

మా నాన్న ముప్పై నాలుగేళ్లు భూమి కింద పనిచేశాడు. బాయిలో, అంటే బొగ్గుగనిలో, పైకప్పు కూలకుండా దన్నులు నిలబెట్టే పని. దన్ను పెట్టే ముందు ఇనుప కడ్డీతో కప్పును తట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది, డొబ్బుమంటే లోపల డొల్ల. రిటైరై తొమ్మిదేళ్లయినా ఆ అలవాటు పోలేదు సరికదా, ఈమధ్య ముదిరింది. ఆరేళ్ల మా గ్రేసీని రోజూ బడికి తాతే తీసుకెళ్తాడు. దారిలో చేతికర్రతో రోడ్డును తడుతూ, ఒక్కోచోట ఆగి, పిల్లను పక్కనుంచి తిప్పుకెళ్తున్నాడట. చూసినవాళ్లు మా ఆయన ప్రభాకర్ చెవిన వేశారు.

"మామకు మతి తప్పుతున్నది. సోమారం సంది పిల్లను ఆయనెంట పంపుడు బంద్" అన్నాడాయన. నా ప్రాణం ఉసూరుమంది. ఆ చిన్న చెయ్యి కూడా లాగేసుకుంటే మా నాన్నకు పొద్దున లేవడానికి ఇంకో కారణం లేదు. "ఆదివారం అందరం బయటికి పోదాం. నువ్వే దగ్గరుండి చూడు, తర్వాత చెప్పు" అని బతిమాలాను. ఈ ప్రయాణం అలా మొదలైంది.

వానలు వెనకపట్టాయి, సీతాఫలాల కాలం. గోదావరిఖని నుంచి అరగంట దూరంలో, ఎప్పుడో మూసేసిన ఒక పాత బాయి మీద నేలంతా సీతాఫలం పొదలేనని విన్నాను. షేర్ ఆటోలో మెయిన్ రోడ్డు దాకా మనిషికి ఇరవై, అక్కడినుంచి మూడు కిలోమీటర్ల నడక. పిల్ల ఉంది కదాని, చర్చిలో ఆరాధన అయ్యాక పదకొండున్నరకు చౌరస్తాలో ఆటో మొత్తం మాట్లాడాను. నడిపేది సమ్మయ్య.

"పోనురాను ఐదు వందలియ్యుండ్రి అక్కా. గాడికి ఎవ్వలు రారు."

"ఎందుకు రారన్నా?"

"గా జాగ మంచిది గాదంటరు. నేనైతే బండి తొవ్వ మీద్నే ఆపుత."

ఆటో దిగినచోటే, లోపలికి పోయే కాలిదారి మొదట్లో, ఎర్ర అక్షరాల హెచ్చరిక బోర్డు ఉంది. ఇక్కడి వాళ్లం ఇలాంటి బోర్డులు పుట్టినప్పటి నుంచీ చూస్తాం, చదవం. దాని పక్కనుంచే లోపలికి నడిచాం. తప్పు మాదే, ముందే ఒప్పుకుంటున్నాను.

కాయలు మాత్రం ఇంతింత, కళ్లు విచ్చి ఉన్నాయి. అరగంటలో సంచి నిండింది. అప్పుడు గమనించాను, ఒక్క కాయనూ పిట్ట కొట్టలేదు. అసలు పిట్ట అరుపే లేదక్కడ.

గడ్డి చదునుగా ఉన్నచోట చాప పరిచాం. నాన్న కర్రతో నాలుగు వైపులా తట్టాడు, వంగి నేలకు అరచెయ్యి ఆనించాడు.

"గీడ వద్దు బిడ్డా. ఎచ్చగున్నది."

"ఎండకు ఎచ్చగుండక సల్లగుంటదా మామా? కూసో, ఆకలైతున్నది" అని ప్రభాకర్ నావైపు చూశాడు. చూశావా, అన్నట్టు. నాకు సిగ్గేసింది. "పిల్ల ముంగట గట్ల చెయ్యకే నాన్నా" అనేశాను. నాన్న కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు.

"సరిగ్గ గీ జాగ కిందనే మేం సద్ది తినేది" అన్నాడు అన్నం గిన్నె మూత తీస్తూ.

"ఎంత కింద తాతా?"

"శానా కింద. దీపం ఆర్పితే నీ చెయ్యి నీకే కానరాదు."

గ్రేసీ చాప అంచు ఎత్తి కిందికి తొంగిచూసింది. మేం నవ్వాం.

నాన్న తన మొదటి ముద్దను పక్కనున్న ఎలుక బొక్క ముందు పెట్టాడు. కింద పనిచేసేవాళ్ల ఆనవాయితీ అది, సద్ది విప్పితే ఎలుకలకో ముద్ద. బాయిలో ఎలుకను ఎవరూ కొట్టరు. కప్పు కదిలేది మనిషికన్నా ముందు దానికే తెలుస్తుందంటారు.

ఒంటిగంట దాటి ఉంటుంది. బొక్కలోంచి ఒక ఎలుక వచ్చింది, పట్టపగలు. చేపల పులుసు కలిపిన ముద్ద దాని మూతి ముందే ఉంది. ముట్టలేదు, దాటి ఉరికింది. వెనకే ఇంకొకటి, తర్వాత నాలుగైదు, ఆపైన లెక్కలేదు. మా చాప మీదుగా, గ్రేసీ కాళ్ల మీదుగా, కిచకిచ కూడా లేకుండా అన్నీ ఒకే దిక్కుకు.

"లెవ్వుండ్రి" అన్నాడు నాన్న. అరవలేదు. "గిన్నెలు ఇడిసిపెట్టుండ్రి. ఎలుకలు పోయిన దిక్కే నడువుండ్రి. ఉరుకొద్దు."

ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. ప్రభాకర్ వెంటనే పిల్లను ఎత్తుకున్నాడు. నాన్న తడుతూ ముందు, ఆయన అడుగులో అడుగేస్తూ మేము. యాభై అడుగులు వేశామో లేదో, వెనకాల ఎవరో బస్తా దించినట్టు ఒక చప్పుడు. తిరిగి చూస్తే చాప లేదు. అక్కడ గదంత గొయ్యి, అందులోంచి వేడి ఆవిరి, కాలిన బొగ్గు వాసన. ఒక సీతాఫలం చెట్టు కాయలతో సహా నిలువునా దిగిపోయి, చిటారు కొమ్మలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి.

"తాతా, మన అన్నం కిందోళ్లు తింటరా?" అంది గ్రేసీ.

"తిననీ బిడ్డా" అన్నాడు నాన్న.

సమ్మయ్య మా ముఖాలు చూసి, "చెప్పిన గదక్కా" అని ఆటో తిప్పాడు. రెండున్నరకల్లా ఇంట్లో ఉన్నాం.

కింద మిగిలిన బొగ్గు అంటుకుని, నేల వేడెక్కి ఎలుకలు బయటపడ్డాయని ప్రభాకర్ అంటాడు. కావచ్చు. ఆ వేడి గురించి నాన్న ముందే చెప్పాడు, నేనే నోరు మూయించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది. సోమవారం పొద్దున ప్రభాకరే చేతికర్ర తెచ్చి, "మామా, పిల్ల తయారైంది" అన్నాడు. మీరు ఇటువైపు వస్తే ఒక్క మాట వినండి: సీతాఫలాలు చౌరస్తాలో గంపలవాళ్ల దగ్గర కొనుక్కోండి, ఎర్ర అక్షరాల బోర్డు కనిపిస్తే ఆగి చదివి వెనక్కి తిరగండి. బడి దారిలో పాలబూత్ ముందు నాలుగడుగుల జాగా ఉంది. నాన్న అక్కడ తట్టి, ఆగి, గ్రేసీని ఇప్పటికీ పక్కనుంచే తిప్పుకెళ్తాడు. అక్కడ ఏం వినిపిస్తుందని నేను అడగలేదు. ఇప్పుడు మేమంతా పక్కనుంచే నడుస్తున్నాం.