దెబ్బలకు చప్పట్లా?

మాది నాచారం. పిల్లలకు లెక్కలు ఎలా నేర్పాలన్న విషయం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నిరుడు మా చర్చిలో పదో తరగతి పిల్లల హాల్‌టికెట్లు పెట్టి ప్రార్థన చేసే ఆదివారం, దేవుడు నన్నెలా నడిపించాడో సాక్ష్యం చెప్పమని నన్ను అడిగారు. నేను లేచేలోపే, మా చర్చికే వచ్చే, ఉప్పల్ బడిలో నాకు లెక్కలు చెప్పిన సారు మైకు అందుకున్నారు.

"నా చేతి దెబ్బలు తిన్నది గాబట్టే ఈ పిల్ల గింత పెద్దదైంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది.

మైకు తీసుకుని, "సార్, మైనస్‌ను మైనస్‌తోని గుణిస్తే ప్లస్ ఎందుకైతదని అడిగినందుకు నా అరచేతులు వాచేటట్టు కొట్టిన్రు. ఆ ఏడాదంతా నేను మళ్ల నోరు తెరువలే. 'ఎందుకు' అని అడుగుడు పిల్లలు ఎట్ల బంద్ జేస్తరో, నా పరిశోధన గదే. ఇప్పుడన్న చెప్పున్రి, ఎందుకైతది?" అన్నాను.

"రూలమ్మా అది. రూలుకు ఎందుకేంది?" అన్నారాయన.

పాస్టర్ గారు గబగబా ప్రార్థన మొదలుపెట్టారు. అమ్మ నా చున్నీ లాగి, "పెద్దమనిషి ఇజ్జత్ తీస్తివి గదనే" అని గొణిగింది. నా చేతులు వాచిననాడు ఎవరి ఇజ్జత్ పోయిందట?

అందరూ కళ్లు మూసుకున్నారు. ముందు వరుసలో ఒకమ్మాయి మాత్రం నావైపే చూస్తోంది.

"అక్కా, మరి ఎందుకైతది?" అని మెల్లగా అడిగింది.

ప్రార్థన అయ్యేదాకా ఆగలేదు. ఆ పిల్లను బయట మెట్ల మీద కూర్చోబెట్టుకుని, "పది రూపాయల అప్పులు మూడు మాఫ్ జేస్తే, నీకు ముప్పై రూపాయలు కలిసొచ్చినట్టే గద" అని చెప్పాను. నా కోపం మాత్రం ఈనాటికీ తగ్గలేదు. తగ్గనివ్వను కూడా.