బుద్ధిమంతురాలికి స్టీలు గ్లాసు

అనకాపల్లి విడిగా జిల్లా అయిన ఏడాదే నన్ను కోటవురట్ల వైపు అంగన్‌వాడీలకు సూపర్‌వైజరుగా వేశారు. సెంటర్లు తిరగడం, రిజిస్టర్లు చూడడం, సంతకం పెట్టడం నా పని.

ప్రతి పిల్లకీ ఒక ఎదుగుదల కార్డు ఉండేది. ఏ వయసుకి నడవాలి, ఎప్పటికి మాటలు కలపాలి, మెట్లెక్కుతోందా, పేరు పిలిస్తే తిరుగుతోందా అని గళ్లు. 'అవును' అని టిక్కు పెడితే పని అయిపోతుంది. 'కాదు' అంటే మూడు కాగితాలు నింపి, పిల్లని పరీక్షలకు పంపి, మీటింగులో నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని మా పిల్లలందరూ వేళకు నడిచేవారు, వేళకు మాట్లాడేవారు. ఒక్క మేడ కూడా లేని ఊళ్లో అందరూ మెట్లెక్కేవారు.

ఒక ఊళ్లో తల్లుల సమావేశంలో, బుద్ధిగా ఉండే పిల్లకి బహుమతి ఇద్దామన్నాను. టీచరు మూడేళ్ల జ్యోతిని ఎంచింది. అల్లరి చెయ్యదు, కూర్చోబెట్టిన చోటు నుంచి కదలదు. పేరు మూడుసార్లు పిలిచాను, రాలేదు. "సిగ్గండి," అని తల్లి ముందుకు తోసింది. స్టీలు గ్లాసు చేతికిచ్చి ఫొటో కూడా దిగాను.

బయల్దేరబోతుంటే వంట చేసే ఆయా సన్యాసమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"ఆ పిల్లకి సెవులు ఇనబడవేమోనమ్మా. కుక్కరు కూతేత్తే పిల్లలందరూ గుడ్డుకని ఇటు సూత్తారు. ఇది ఆళ్లు లెగిసేక లెగుత్తాది."

ఎన్నాళ్ల నుంచి చూస్తున్నావని అడిగాను.

"ఏడాదవుద్ది. నన్నెవరడిగేరమ్మా?"

నిజమే, కార్డులో ఆయాకి గడి లేదు. కుక్కరు మళ్లీ కూసేదాకా గుమ్మంలో నిలబడ్డాను. పిల్లలందరూ తిరిగారు. జ్యోతి గ్లాసులో మొహం చూసుకుంటోంది. కార్డు తీయించాను. 'పేరు పిలిస్తే తిరుగుతుంది: అవును.' కింద సంతకం నాదే.

"ఆళ్ల నాన్నా లేటుగానే మాటాడేడు," అని, పరీక్షకు పంపమంటే జ్యోతి నాయనమ్మ అడ్డుపడింది. ఆమెని ఒప్పించడానికి నాలుగుసార్లు వెళ్లాను. పరీక్షలో వినికిడి బాగా తక్కువని తేలింది. ఏడాది ముందు తేవలసిందని డాక్టరు అన్నారు. చెవికి మిషన్ పెట్టారు.

ఆ ఏడాది మా సెంటర్లలో 'కాదు'లు పెరిగాయి. మీటింగులో నన్ను నిలబెట్టి సంజాయిషీ అడిగారు. కొన్ని నెలలకు, జ్యోతి తెగ అల్లరి చేస్తోందని టీచరు ఫిర్యాదు చేసింది. కార్డులో అది రాయడానికీ గడి లేదు.

రిటైరయ్యేదాకా ఏ సెంటరుకు వెళ్లినా ముందు వంటగదిలోకి వెళ్లాను, తర్వాతే రిజిస్టరు తెరిచాను.